హై స్ట్రీట్ కంపెనీ కుప్పకూలితే బ్రిటన్‌లో చిన్న షేర్‌హోల్డరు చేయాల్సిన పనులు

బ్రిటన్‌లో పేరున్న షాపుల కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేటర్లనే బయటి నిపుణుల చేతికి, వెళ్లిందంటే అందులో మామూలు షేర్లున్నవాళ్లకి తిరిగొచ్చేది దాదాపు ఎప్పుడూ సున్నాయే. ఊల్‌వర్త్స్, గేమ్, జేజేబీ స్పోర్ట్స్, హెచ్‌ఎంవీ, డెబెన్‌హామ్స్ అన్నిట్లోనూ అదే జరిగింది. అయినా వార్త వచ్చిన మొదటి వారమంతా జనం అడ్మినిస్ట్రేటర్లకి ఫోన్లు చేస్తూ, ఎవరైనా కొనడానికి వస్తున్నారేమోనని ఎదురుచూస్తూ గడిపేస్తారు. దానివల్ల ఒక్క పెన్నీ రాదు. నిజంగా డబ్బు మిగిల్చే పని వేరే ఉంది. ఆ నష్టాన్ని పన్ను లెక్కలో సరైన ఏడాదిలో రాయించుకోవడం అది. ఆ పని వేడి చల్లారాక, కొన్ని నెలల తర్వాత చేయాల్సింది కాబట్టి చాలామంది మర్చిపోతారు.

ముందు, పడిపోయింది ఏ కంపెనీ?

షాపు బోర్డు మీద ఉన్న పేరూ, మీ షేరు సర్టిఫికెట్ మీద ఉన్న పేరూ ఒకటి కాకపోవచ్చు. లండన్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో లిస్టయ్యేది మాతృ సంస్థ. షాపులు నడిపేది, ఉద్యోగులకు జీతాలిచ్చేది, అద్దెలు కట్టేది దాని కింద ఉండే వేరే కంపెనీలు. వీటిలో ఏది అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లిందనేదాన్ని బట్టి మీ పరిస్థితి పూర్తిగా మారిపోతుంది.

2019 నవంబరులో మదర్‌కేర్ షాపులన్నీ మూతపడుతున్నాయని వార్త వచ్చింది. కూలింది 79 షాపులు నడిపే బ్రిటన్ వ్యాపారం మాత్రమే. లిస్టయిన మాతృ సంస్థ విదేశీ ఫ్రాంచైజీలతో బతికే ఉంది, షేర్లు ట్రేడవుతూనే ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్ 9న డెబెన్‌హామ్స్‌లో సరిగ్గా తలకిందులుగా జరిగింది. షాపులు మామూలుగానే తెరిచి ఉన్నాయి, అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది పైనున్న లిస్టెడ్ కంపెనీ. వ్యాపారమంతా అప్పులిచ్చినవాళ్ల చేతికి వెళ్లింది, షేర్లు ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయాయి. 30 శాతానికి దగ్గరగా వాటా ఉన్న మైక్ ఆష్లీకి చెందిన స్పోర్ట్స్ డైరెక్ట్ కంపెనీ కూడా ఏమీ చేయలేకపోయింది. షాపు తెరిచి ఉంది కదా అని షేరుకి ప్రాణం ఉందనుకోవద్దు.

ఇక ఊల్‌వర్త్స్. 2008 నవంబరులో ముందు పడింది కింది కంపెనీ. 807 షాపులూ 2009 జనవరి 6 నాటికి మూతపడ్డాయి. మాతృ సంస్థ అదే జనవరి నెలాఖరులో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. బీబీసీ వాణిజ్య విభాగంతో కలిసి నడిపిన 2ఎంటర్‌టైన్ అనే కంపెనీలో గ్రూపుకి 40 శాతం వాటా ఉండేది. అందులోంచి తమకేదైనా మిగులుతుందేమోనని ఆశపడినవాళ్లకీ ఏమీ దక్కలేదు.

చూడాల్సిన చోట్లు మూడు. కంపెనీల ప్రకటనలు వచ్చే ఆర్‌ఎన్‌ఎస్. అవి పొద్దున 7 గంటల నుంచి వస్తాయి, మార్కెట్ 8కి తెరుచుకుంటుంది. రెండోది కంపెనీస్ హౌస్, అంటే కంపెనీల ప్రభుత్వ రిజిస్టరు, వెబ్‌సైట్. మీ సర్టిఫికెట్ మీదో, వార్షిక నివేదిక చివరి పేజీల్లోనో ఉన్న కంపెనీ నంబరు కొట్టి చూడండి, పేరు కొడితే ఒకే పేరుతో నాలుగు కంపెనీలు కనిపించి తికమకపెడతాయి. మూడోది ద గెజెట్. అడ్మినిస్ట్రేటర్ల నియామకం అధికారికంగా అక్కడ అచ్చవుతుంది. మూడూ ఉచితమే.

ట్రేడింగ్ ఆపేస్తే

ఆర్థిక పరిస్థితి తేలేవరకు లిస్టింగ్‌ను తాత్కాలికంగా నిలిపేయమని కంపెనీయే కోరినట్టు ప్రకటన వస్తుంది. ఆ క్షణం నుంచి అమ్మలేరు. స్టాప్‌లాస్, అంటే ధర ఇంతకి పడితే దానంతటదే అమ్మేసే ఆర్డరు, పెట్టుకున్నవాళ్లకీ అది పనికిరాదు, ఎందుకంటే ప్రకటన ఎక్కువగా మార్కెట్ తెరవకముందే వస్తుంది, మధ్యలో ధరే ఉండదు. మీ బ్రోకర్ యాప్‌లో చివరి ధర నెలల తరబడి అలాగే కనిపించవచ్చు. అది చూసి ఆస్తి ఇంకా ఉందని లెక్కేసుకోవద్దు.

ఇంకా ట్రేడవుతూ 2, 3 పెన్స్ దగ్గర ఊగిసలాడుతోందనుకోండి, అప్పుడు అమ్మేయడమే అన్నిటికన్నా తేలికైన మార్గం. నష్టం ఆ రోజే ఖాయమవుతుంది, ఆ తర్వాత ఏ క్లెయిమ్ గొడవా ఉండదు. కమిషన్ పోగా చేతికి నాలుగు పౌండ్లే వచ్చినా సరే. అయితే ఒక మెలిక: అమ్మిన 30 రోజుల్లోపు అదే షేరు మళ్లీ కొంటే, మీరు అమ్మినదాన్ని ఆ కొత్త కొనుగోలుతోనే జతచేసి లెక్కకడతారు. పాత ధరకీ అమ్మిన ధరకీ మధ్య ఉన్న పెద్ద నష్టం ఆ ఏడాది లెక్కలోకి రాదు.

షేర్‌హోల్డరుకి ఎందుకు మిగలదు

డబ్బు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న వరస చట్టంలోనే ఉంది. భవనాల్లాంటి ఫలానా ఆస్తులని తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లు ముందు. తర్వాత అడ్మినిస్ట్రేషన్ ఖర్చులు, అందులో అడ్మినిస్ట్రేటర్ల ఫీజులూ ఉంటాయి. తర్వాత ఉద్యోగులు, ఒక్కొక్కరికి 800 పౌండ్ల వరకు జీతం బకాయి, దానికి తోడు సెలవుల డబ్బు. ఆ వెనక బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ. కంపెనీ వసూలు చేసి కట్టకుండా ఉంచుకున్న వ్యాట్, ఉద్యోగుల జీతాల్లోంచి కోసిన పన్ను 2020 డిసెంబరు 1 నుంచి ఈ వరసలోకి వచ్చాయి. షాపుల కంపెనీకి వ్యాట్ బాకీ చిన్నదేమీ కాదు. ఆ తర్వాత సరుకు మీద ఫ్లోటింగ్ చార్జ్, అంటే రోజూ మారిపోయే ఆస్తుల మీద తాకట్టు, ఉన్న బ్యాంకు. సప్లయర్లు, భవన యజమానులు, గిఫ్ట్ కార్డులున్న కస్టమర్లు దాని వెనక. షేర్‌హోల్డర్లు అందరికన్నా చివర.

ఫ్లోటింగ్ చార్జ్ కింద వచ్చే డబ్బులో కొంత భాగాన్ని మామూలు అప్పులవాళ్ల కోసం పక్కన పెట్టాలి: మొదటి 10,000 పౌండ్లలో సగం, మిగతాదాంట్లో 20 శాతం. పది లక్షల పౌండ్లుంటే 5,000కి 1,98,000 కలిపి 2,03,000 పౌండ్లు. ఇప్పటి గరిష్ఠ పరిమితి 8 లక్షల పౌండ్లు. పెద్ద గొలుసు దుకాణాల కంపెనీ సప్లయర్లకి కోట్లలో బాకీ ఉంటుంది, వాళ్లందరూ కలిసి పంచుకునేది ఎక్కువసార్లు ఈ 8 లక్షలే. వాళ్లకి పౌండుకి రెండు మూడు పెన్స్ వస్తే, వాళ్ల వెనక నిలబడ్డ మీకేం మిగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. తమాషా ఏంటంటే, మీ జేబులో ఆ షాపు గిఫ్ట్ కార్డు ఉంటే దాని విలువ మేరకు మీరు షేర్‌హోల్డరుగా కన్నా కస్టమరుగా ముందు వరసలో ఉంటారు. 2013 జనవరిలో హెచ్‌ఎంవీ అడ్మినిస్ట్రేటర్లు మొదట గిఫ్ట్ కార్డులు తీసుకోబోమన్నారు, వారం తిరక్కుండా మనసు మార్చుకుని తీసుకున్నారు. కార్డు ఉంటే తీసుకునే రోజే వాడేయండి.

ప్రీప్యాక్ అమ్మకంలో, అంటే అడ్మినిస్ట్రేటర్లు బాధ్యతలు తీసుకున్న రోజే ముందే కుదిరిన బేరంతో వ్యాపారాన్ని అమ్మేసే పద్ధతిలో, షేర్‌హోల్డర్ల ఓటు అవసరం లేదు. 2022 నవంబరులో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లిన జూల్స్ అనే బట్టల షాపుల కంపెనీని నెక్స్ట్ అనే మరో షాపుల కంపెనీ, ఆ బ్రాండు వ్యవస్థాపకుడితో కలిసి, 3.4 కోట్ల పౌండ్లకి కొంది. బ్రాండు బతికింది, పాత షేర్లు బతకలేదు. "ఫలానావాళ్లు కొంటున్నారట" అన్న వార్త షేర్‌హోల్డరుకి శుభవార్త కాదు. వాళ్లు కొంటున్నది వ్యాపారాన్నే, మీ షేర్లని కాదు. మీ షేర్లకి ధర ఇస్తామంటూ టేకోవర్ ఆఫర్ వస్తే మాత్రం సంగతి వేరు.

మళ్లీ డబ్బు పెట్టమంటే

కూలిపోవడానికి కొన్ని వారాల ముందు చాలాసార్లు కొత్త షేర్ల జారీ వస్తుంది, తక్కువ ధరకి. కొన్న సగటు ధర తగ్గించుకుందామనే ఆశ అక్కడే పుడుతుంది. పతిస్రీ వలేరీ కేఫ్‌ల మాతృ సంస్థ షేరు 2018 అక్టోబరు 10న 429 పెన్స్ దగ్గర ఆగిపోయింది. లెక్కల్లో పెద్ద రంధ్రం బయటపడింది. కొద్ది రోజుల్లోనే ఇన్వెస్టర్లు ఒక్కో షేరుకి 50 పెన్స్ చొప్పున 1.5 కోట్ల పౌండ్లు కొత్తగా పెట్టారు. 2019 జనవరి 22న కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. ఆ మధ్యలో ట్రేడింగ్ మళ్లీ మొదలవ్వనేలేదు కాబట్టి, కొత్త డబ్బు పెట్టినవాళ్లకి నష్టానికైనా అమ్ముకునే దారి దొరకలేదు.

అలాంటి ఆఫర్ పత్రం చేతికొస్తే మొదట చూడాల్సింది డబ్బు ఎక్కడికి వెళుతోందని. కొత్త సరుకు కొనడానికా, బ్యాంకు అప్పు తీర్చడానికా? రెండోదైతే మీరు బ్యాంకుని బయటపడేస్తున్నారు. తర్వాత బ్యాంకు గడువు ఎప్పటిదాకా పొడిగించిందో చూడండి. కొత్త డబ్బు వచ్చాక కూడా ఆరేడు నెలల్లోనే అప్పు తీర్చాల్సి ఉంటే ఆ జారీ వాయిదా మాత్రమే. ఆడిటర్ నివేదికలో కంపెనీ కొనసాగగలదా అన్నదానిపై గణనీయమైన అనిశ్చితి ఉందన్న వాక్యం కోసం వెతకండి. పీడీఎఫ్‌లో "మెటీరియల్ అన్‌సర్టెన్టీ" అన్న మాటలు ఇంగ్లిష్‌లో కొడితే నేరుగా అక్కడికే వెళుతుంది.

షాపుల కంపెనీలకి ప్రత్యేకంగా రెండు గుర్తులున్నాయి. మొదటిది సప్లయర్ల క్రెడిట్ ఇన్సూరెన్స్. సరుకు అప్పుగా ఇచ్చేవాళ్లు ఆ అప్పుకి బీమా చేయించుకుంటారు. బీమా కంపెనీ కవర్ తీసేసిందంటే సప్లయర్లు డబ్బు ముందే అడుగుతారు, అల్మరాలు ఖాళీ అవుతాయి. 2012 మార్చిలో, వీడియోగేములు అమ్మే గేమ్ కంపెనీ షాపుల్లో, వాటిని తయారుచేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొత్త గేములే కనిపించలేదు. అంటే సంక్షోభం షేరు ధరలో కన్నా ముందు షాపు అరల్లో కనిపించవచ్చు. వీలైతే వెళ్లి చూడండి, కొత్త సరుకు ఉండాల్సిన చోట పాత డిస్కౌంట్ సరుకు పరిచి ఉందా అని.

రెండోది అద్దె తేదీలు. ఇంగ్లండ్, వేల్స్‌లో షాపుల అద్దె సంప్రదాయంగా మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25న మూడు నెలలకి ముందుగా కట్టాలి. చేతిలో డబ్బు లేని కంపెనీ ఈ తేదీల దగ్గరే పడుతుంది. గేమ్ అడ్మినిస్ట్రేషన్ 2012 మార్చి 26, జేజేబీ స్పోర్ట్స్ 2012 అక్టోబరు 1. క్రిస్మస్ అమ్మకాలు తప్పిపోయినవాళ్లు జనవరిలో పడతారు. హెచ్‌ఎంవీ 2013 జనవరి 15న పడింది. ఇబ్బందుల్లో ఉన్న షాపుల షేరు పట్టుకుని అద్దె తేదీ దాటించాలనుకునేవాళ్లు కనీసం ఆ తేదీ ఏదో తెలిసి పట్టుకోవాలి.

ఆర్‌ఎన్‌ఎస్‌లో "నో ఈక్విటీ వ్యాల్యూ" తరహా మాటలు కనబడితే వాటిని లాయర్ల భాషగా కొట్టిపారేయకండి. షేర్‌హోల్డర్లకి ఏమీ మిగలకపోవచ్చని డెబెన్‌హామ్స్ 2019 మార్చిలోనే ముందుగా చెప్పింది. 2006లో 195 పెన్స్‌కి మార్కెట్‌కి వచ్చిన షేరు అప్పటికి పెన్స్‌లోకి దిగిపోయింది, కానీ ఇంకా అమ్ముకోగలిగే స్థితిలో ఉంది.

నష్టాన్ని పన్నులో రాయించుకోవడం

ఇక్కడ కాస్త ఓపిగ్గా ఉండాలి. షేరు విలువ పోయినంత మాత్రాన పన్ను లెక్కలో నష్టం పుట్టదు. మీరు దాన్ని అమ్మాలి, లేదా ఆ కంపెనీ రద్దయి షేరు ఉనికే పోవాలి, లేదా విలువ లేకుండా పోయిందని మీరే హెచ్‌ఎంఆర్‌సీకి క్లెయిమ్ వేయాలి. కంపెనీ రద్దవ్వడానికి ఏళ్లు పట్టవచ్చు, కాబట్టి చేతిలో ఉన్న మార్గం మూడోది. దీన్ని నెగ్లిజిబుల్ వ్యాల్యూ క్లెయిమ్ అంటారు. హెచ్‌ఎంఆర్‌సీ సహాయ పత్రం హెచ్‌ఎస్286లో పద్ధతి ఉంటుంది.

క్లెయిమ్ వేసిన రోజున ఆ షేర్లని ఆ శూన్య విలువకి అమ్మి, వెంటనే తిరిగి కొన్నట్టు చట్టం భావిస్తుంది. క్లెయిమ్ వేసేనాటికి షేర్లు మీ దగ్గరే ఉండాలి. అందుకే "విలువ లేని షేర్లు ఖాతాలోంచి తీసేయమంటారా" అని బ్రోకర్ అడిగితే ముందు క్లెయిమ్ పంపి, తర్వాత ఒప్పుకోండి.

లిస్టయిన షేర్లకి హెచ్‌ఎంఆర్‌సీ ఒక జాబితా ప్రచురిస్తుంది. మీ కంపెనీ అందులో ఉంటే విలువ లేదని వేరే నిరూపించక్కర్లేదు. లేకపోయినా క్లెయిమ్ వేయొచ్చు, ఆధారం మీరు చూపించాలి. మంచి ఆధారం అడ్మినిస్ట్రేటర్ల ప్రతిపాదనల పత్రం. నియామకం నుంచి 8 వారాల్లో వాళ్లు దాన్ని తయారుచేయాలి, కంపెనీస్ హౌస్‌లో పెడతారు. షేర్‌హోల్డర్లకి ఏమీ రాదని చెప్పే వాక్యం ఉన్న పేజీని సేవ్ చేసుకోండి. కూలిన మర్నాడే క్లెయిమ్ వేయడానికి తొందరపడేవాళ్ల దగ్గర ఈ పత్రమే ఉండదు.

తేదీ ఎంచుకోవడంలోనే అసలు లాభం ఉంది. క్లెయిమ్ వేసిన పన్ను సంవత్సరం మొదలవ్వడానికి రెండేళ్ల ముందు వరకు వెనక్కి వెళ్లి ఒక తేదీ చూపించవచ్చు. ఆ తేదీకి కూడా షేర్లు మీ పేరున ఉండి, అప్పటికే వాటి విలువ పోయి ఉండాలి. దీని ఉపయోగం అంకెల్లో చూడండి.

4,000 షేర్లు 60 పెన్స్‌కి కొన్నారు: 2,400 పౌండ్లు. స్టాంప్ డ్యూటీ అర శాతం, 12 పౌండ్లు. కమిషన్ 10. మొత్తం ఖర్చు 2,422 పౌండ్లు, నష్టం కూడా అంతే. కంపెనీ 2025 జనవరిలో కూలిందనుకుందాం. ఆ ఏడాది, అంటే 2024-25లో, మీకు వేరే లాభాలేమీ లేవు. 2025-26లో వేరే షేర్లు అమ్మితే 4,500 పౌండ్ల లాభం వచ్చింది. పన్ను లేని మినహాయింపు 3,000 పౌండ్లు.

నష్టాన్ని 2025-26లో చూపిస్తే, అదే ఏడాది నష్టం కాబట్టి మొత్తం తప్పనిసరిగా లాభంలోంచి తీసేయాలి. 4,500లోంచి 2,422 పోతే 2,078 మిగులుతుంది. అది 3,000 కన్నా తక్కువ, అంటే 922 పౌండ్ల నష్టం ఊరికే పోయింది. అదే నష్టాన్ని 2024-25కి వెనక్కి జరిపితే అది ముందుకి తెచ్చుకున్న నష్టం అవుతుంది. అలాంటి నష్టాన్ని లాభం 3,000కి దిగేంతవరకే వాడతారు, అంటే 1,500. మిగిలిన 922 తర్వాతి ఏళ్లకి భద్రంగా ఉంటుంది. రెండు దారుల్లోనూ 2025-26లో పన్ను సున్నాయే, 18 శాతం రేటులో 270 పౌండ్లు, 24 శాతంలో 360 పౌండ్లు తప్పినట్టు. రెండో దారిలో అదనంగా 922 చేతిలో ఉంది.

సెల్ఫ్ అసెస్‌మెంట్ దాఖలు చేసేవాళ్లు రిటర్న్‌లోని క్యాపిటల్ గెయిన్స్ పేజీల్లో, అంటే ఎస్‌ఏ108లో రాయాలి. రిటర్న్ వేయనివాళ్లు ఉత్తరం రాస్తే చాలు. కంపెనీ పూర్తి పేరు, నంబరు, షేర్ల రకం, సంఖ్య, కొన్న తేదీలు, మొత్తం ఖర్చు, నష్టం ఏ తేదీకి లెక్కకట్టమంటున్నారో, విలువ పోయిందనడానికి ఆధారం ఉండాలి. వేర్వేరు ధరలకి దఫదఫాలుగా కొని ఉంటే ఒక్కో కొనుగోలునీ విడిగా కాకుండా మొత్తం కలిపి సగటు ఖర్చు వేయండి. ఏ నష్టమైనా అది వచ్చిన పన్ను సంవత్సరం ముగిశాక నాలుగేళ్లలోపు తెలియజేయాలి. తెలియజేశాక మాత్రం వాడుకునేవరకు ఎన్నేళ్లయినా ముందుకి తీసుకెళ్లొచ్చు.

కొన్నప్పటి కాంట్రాక్ట్ నోట్లు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. బ్రోకర్ మారినప్పుడు పాత ఖర్చు వివరాలు కొత్త ఖాతాలోకి రాకపోవడం మామూలే.

ఐసాలో, అంటే పన్ను లేని పొదుపు ఖాతాలో, ఉన్న షేర్లకి ఇదంతా వర్తించదు. లాభానికి పన్ను లేదు, నష్టానికి ఉపశమనమూ లేదు. ఐసాలోంచి బయటికి తీసి క్లెయిమ్ వేద్దామన్నా కుదరదు, బయటికి వచ్చిన రోజు మార్కెట్ విలువే మీ కొనుగోలు ధర అవుతుంది, అది సున్నా. పెన్షన్ ఖాతాలో ఉన్నా అంతే. కంపెనీ జారీచేసిన రిటైల్ బాండ్లు కొన్నవాళ్లు మామూలు అప్పులవాళ్ల వరసలో నిలుస్తారు, బాకీ రుజువు పత్రం పంపాలి. వాటి నష్టం మాత్రం సాధారణంగా క్యాపిటల్ గెయిన్స్ లెక్కలోకి రాదు. అదే కంపెనీలో పనిచేస్తూ సేవ్ యాజ్ యు ఎర్న్ పథకంలో నెలనెలా పొదుపు చేస్తున్నవాళ్లు కంగారుపడక్కర్లేదు. ఆ డబ్బు బ్యాంకులోనో బిల్డింగ్ సొసైటీలోనో మీ పేరున ఉంటుంది. షేర్లు కొనే హక్కుని వదిలేసి పొదుపు వెనక్కి తీసుకోండి.

పరిహారం ఇప్పిస్తామనేవాళ్లు

బ్రిటన్‌లో ఆర్థిక సంస్థలు మునిగితే కస్టమర్లకి పరిహారమిచ్చే పథకం ఎఫ్‌ఎస్‌సీఎస్. దాని పరిహారం బ్రోకర్ సంస్థ మునిగినప్పుడు, అదీ 85,000 పౌండ్ల వరకు. మీరు కొన్న కంపెనీ మునిగితే రాదు. కోర్టు దారి ఉన్నది కంపెనీ అబద్ధపు లెక్కలు ప్రకటించినప్పుడే. టెస్కో 2014లో లాభాల్ని ఎక్కువ చేసి చూపించినందుకు, ఆ ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 19 మధ్య షేర్లు కొన్నవాళ్లకి 2017లో ఆర్థిక సంస్థల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ పరిహారం ఇప్పించింది. కానీ టెస్కో బతికున్న కంపెనీ, ఇవ్వడానికి దాని దగ్గర డబ్బుంది. వ్యాపారం సరిగ్గా నడపలేదన్నది ఒక్కటే కారణమైతే కేసు లేనట్టే.

ఇక గోరుచుట్టు మీద రోకలిపోటు లాంటివాళ్లు కొందరు వస్తారు. షేర్‌హోల్డర్ల రిజిస్టరు ఎవరైనా అడిగి చూడగలిగేది కాబట్టి మీ పేరు, ఎన్ని షేర్లున్నాయన్నది వాళ్లకి తెలిసే ఉంటుంది. "మీ షేర్లని విదేశీ సంస్థ కొనడానికి సిద్ధంగా ఉంది, ముందు బాండు కోసం కొంత డిపాజిట్ కట్టండి" అంటారు. సంఖ్య సరిగ్గా చెప్పారు కదా అని నమ్మేస్తారు జనం. ముందుగా డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. పేరు ఎఫ్‌సీఏ రిజిస్టరులో ఉన్నా వాళ్లిచ్చిన నంబరుకి చేయకుండా రిజిస్టరులో ఉన్న నంబరుకే చేసి అడగండి, నిజమైన సంస్థల పేర్లు వాడుకునే నకిలీలు చాలా ఉన్నాయి. నామినీ ఖాతాలో, అంటే బ్రోకర్ సంస్థ పేరు మీద, షేర్లున్నవాళ్ల పేర్లు రిజిస్టరులో ఉండవు, వాళ్లకి ఇలాంటి ఫోన్లు తక్కువ.

కంపెనీస్ హౌస్‌లో ఆ కంపెనీ పేజీని ఫాలో అయితే కొత్త పత్రం పడ్డ ప్రతిసారీ మెయిల్ వస్తుంది. అడ్మినిస్ట్రేటర్లు ఆరు నెలలకోసారి ప్రగతి నివేదిక వేస్తారు. మీరు అసలు క్లెయిమ్ వేయకముందే కంపెనీ రద్దయిపోతే, ఆ రద్దయిన తేదీనే మీ నష్టం తేదీ అవుతుంది, ఏడాదిని ఎంచుకునే అవకాశం అక్కడితో పోతుంది.